గార, గుడాకు, అర మిల్లీమీటరు

"గార గీకిస్తే పళ్లు ఊగిపోతాయట కదండీ?" బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, గుణుపురంలోనైనా పళ్ల డాక్టరు కుర్చీ ఎక్కిన తెలుగువాళ్ల నోట ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. పక్క కుర్చీలోని ఒడియావాళ్లు అడిగేదీ ఇదే. మూఢనమ్మకమని కొట్టిపారేసే డాక్టర్లున్నారు గానీ, అడిగినవాళ్లు కళ్లారా చూసింది అబద్ధమేమీ కాదు. ఏళ్ల తరబడి పేరుకున్న గార పళ్ల వరసను సిమెంటులా పట్టి ఉంచుతుంది. దాని కింద ఎముక అప్పటికే సగం కరిగిపోయి ఉంటుంది. గార ఊడగానే వాచిన చిగురు అణిగి కిందికి దిగుతుంది, సందులు బయటపడతాయి, చన్నీళ్లు తగిలితే జివ్వుమంటుంది, అంతకాలం దాగిన ఊగుడు నాలుకకు తెలుస్తుంది. గార తీయడం వల్ల పన్ను వదులు కాలేదు, ఎప్పుడో వదులైన సంగతి ఆ రోజు బయటపడింది, అంతే. ఈ మాట చెప్పడం తేలికే. గార తీయించడం వల్ల ఎంత మేలు, దానికి మందులు జోడిస్తే ఇంకెంత మేలు అన్నది తేల్చడానికి మాత్రం పరిశోధకులు అర్ధశతాబ్దం పైగా కష్టపడుతున్నారు. ఆ లెక్కలు ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల నోళ్లకు ఎంతవరకు సరిపోతాయన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

ముందు పేరు సంగతి. జనం నోట ఇది పయోరియా, పాత పళ్లపొడి డబ్బాల నాటి మాట. డాక్టర్లు పెరియోడాంటైటిస్ అంటారు. చిగురు ఎర్రబడి, తోముకుంటే నెత్తురు కనిపించేంత వరకు అది జింజివైటిస్. శుభ్రం చేస్తే మళ్లీ మామూలవుతుంది. పంటిని ఎముకకు కట్టి ఉంచే నారపోగులు తెగి ఎముక కరగడం మొదలైతే పెరియోడాంటైటిస్. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. పరిశోధన పత్రాల్లో చాలాకాలం 'దీర్ఘకాలిక' రకం, 'ఉధృత' రకం అని విడదీసి రాసేవారు. 2017లో చికాగోలో జరిగిన ప్రపంచ సదస్సు ఆ విభజనను తీసేసింది. ఎంత నష్టం జరిగిందో చెప్పడానికి నాలుగు దశలు, ఎంత వేగంగా జరుగుతోందో చెప్పడానికి మూడు గ్రేడులు పెట్టింది. కాబట్టి 'దీర్ఘకాలిక చిగుళ్ల వ్యాధి' అని పేరు పెట్టుకున్న పరిశోధన కనిపిస్తే అది చాలావరకు 2018కి ముందుదని అనుకోవచ్చు. గ్రేడుల సంగతికి మళ్లీ రావాలి, అందులో మనకు సంబంధించిన ఒక ఖాళీ గడి ఉంది.

పాచి వల్లే చిగుళ్లు చెడతాయని ప్రయోగపూర్వకంగా చూపింది హరాల్డ్ లో అనే నార్వే శాస్త్రవేత్త. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో 1965లో 12 మందిని, ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పళ్లు తోముకోవడం మానెయ్యమన్నాడు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోగానే వారం పది రోజుల్లో తగ్గాయి. ప్రయోగం అంటే ఇలా ఉండాలనిపించేంత సాదాగా ఉంటుంది ఇది.

ఆయనే నడిపిన రెండో అధ్యయనం మన ఇంటికి ఇంకా దగ్గరిది. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీలను 1970 నుంచి 1985 దాకా, పదిహేనేళ్లు గమనించారు. బ్రష్షు, పేస్టు, పళ్ల డాక్టరు అనేవి వాళ్ల జీవితంలో లేవు. అందరి పళ్ల మీదా దట్టంగా పాచి, గార, మరకలు. అందరి చిగుళ్లూ వాచే ఉన్నాయి. పిప్పి పళ్లు దాదాపు లేవు, అందువల్ల రాలిన ప్రతి పన్నూ చిగుళ్ల ఖాతాలోదే అని తేల్చుకోవడం వీలైంది. మరి అందరి పళ్లూ ఒకేలా పాడయ్యాయా? లేదు. దాదాపు 8 శాతం మందికి జబ్బు గుర్రమెక్కింది. 35 ఏళ్ల వయసుకే పంటి పట్టు, అంటే నారపోగులు పంటిని పట్టి ఉంచే మేర, సగటున 9 మిల్లీమీటర్లు పోయింది. 81 శాతం మందికి నింపాదిగా నడిచింది. అదే వయసుకు 4 మిల్లీమీటర్లు. మిగిలిన 11 శాతం మందికి, అంత పాచితోనూ, ఒక మిల్లీమీటరు కూడా పోలేదు.

ఈ 11 శాతం వల్లే వ్యాధి మీద చర్చ మలుపు తిరిగింది. పాచి లేనిదే జబ్బు రాదు, కానీ పాచి ఉన్నంత మాత్రాన అందరికీ ఒకేలా ముదరదు. ఆ క్రిములకు ఒంటి రోగనిరోధక శక్తి ఎలా స్పందిస్తుందన్నది కూడా ముఖ్యమే. "మా తాత బొగ్గుతో తోముకున్నాడు, తొంభై ఏళ్లకూ చెరకు నమిలాడు" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ తాత నిజమే, ఆ 11 శాతంలో ఒకడు. ఆయన దంతధావన రహస్యం వల్ల కాదు, ఆయన పుట్టుక వల్ల కావచ్చు. మనవడికి ఆ అదృష్టం అందిందో లేదో పళ్లు ఊగేదాకా తెలియదు, అక్కడే వస్తుంది చిక్కు. పదిహేనేళ్లు చూస్తూ ఉండిపోయిన అధ్యయనాన్ని ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ అయినా అంత సులువుగా ఒప్పుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. తోటకూలీల నోటి మీద నిలబడిన విజ్ఞానం ఇది అని గుర్తుంచుకోవడం మర్యాద.

ఇక చికిత్సల లెక్క. దీన్ని అర్థం చేసుకోవాలంటే డాక్టరు చేతిలోని సన్నటి పుల్లను దగ్గర నుంచి చూడాలి. ప్రోబ్ అంటారు. మొన మొద్దుగా ఉంటుంది, ఒంటి మీద మిల్లీమీటరు గీతలుంటాయి. పన్నుకీ చిగురుకీ మధ్య సందులో దాన్ని పాతిక గ్రాముల బరువు మించకుండా మెల్లగా దించుతారు. పంటి చుట్టూ ఆరు చోట్ల. 28 పళ్లుంటే 168 కొలతలు. "మూడు, రెండు, మూడు… అయిదు, నాలుగు, ఏడు" అని డాక్టరు చెబుతుంటే పక్కనున్న అమ్మాయి చార్టులో వేస్తుంటుంది. మూడు దాకా ఫరవాలేదు. నాలుగుకు చేరితే పాకెట్, అంటే జబ్బుతో లోతైన సందు. ఏడు వినబడితే డాక్టరు గొంతు కొంచెం మారుతుంది. మొన బయటికి తీశాక నెత్తురు చుక్క వచ్చిందా లేదా అన్నదీ రాసుకుంటారు.

చేయి కొంచెం వంగినా, ఒత్తిడి కొంచెం పెరిగినా ఒక మిల్లీమీటరు తేడా వచ్చేస్తుంది. ఒకే డాక్టరు ఒకే చోట ఉదయం, సాయంత్రం కొలిచినా అంతే. పైగా వాచి మెత్తబడిన చిగురులో ప్రోబ్ అసలు అడుగును దాటి కండలోకి దిగుతుంది. వాపు తగ్గి గట్టిపడిన చిగురులో ముందే ఆగుతుంది. పత్రాల్లో 'పట్టు పెరిగింది' అని రాసినదాంట్లో కొంత భాగం కొత్తగా పుట్టిన పట్టు కాదు, లోపలికి దిగని ప్రోబ్.

ఈ జాగ్రత్తతో అంకెలు చదవాలి. చిగురు కింద వేరు దాకా గీకి శుభ్రం చేయడం మీద వచ్చిన అధ్యయనాలను 1996లో కూర్చిన ఒక సమీక్ష ప్రకారం, 4 నుంచి 6 మిల్లీమీటర్ల పాకెట్లు సగటున 1.29 తగ్గాయి, పట్టు 0.55 పెరిగింది. 7, ఆపైన ఉన్నవి 2.16 తగ్గాయి, పట్టు 1.19 పెరిగింది. కోత లేకుండా, గీకే పనిముట్లతో, ఓపికతో వచ్చిన ఫలితం ఇది. చిగురు కోసి తెరిచి శుభ్రం చేస్తే ఇంకా మంచిదా? 2002 నాటి సమీక్షలో, 6 మిల్లీమీటర్లు దాటిన పాకెట్లలో శస్త్రచికిత్స వల్ల లోతు మరో 0.6 తగ్గింది, పట్టు మరో 0.2 మాత్రమే పెరిగింది. లోతులేని చోట కోస్తే ఉన్న పట్టే పోతుంది. స్వీడన్ పరిశోధకులు 1982లోనే ఆ గీత ఎక్కడో లెక్కగట్టారు: 2.9 కంటే తక్కువ లోతున్న చోట గీకినా నష్టమే, 4.2 కంటే తక్కువ ఉన్న చోట కోసినా నష్టమే. లేని జబ్బుకు వైద్యం చేస్తే చిగురు ఊరుకోదన్నమాట.

తర్వాత వచ్చినవన్నీ దీనికి తోడు పెట్టినవే. పాకెట్లో దూర్చే క్లోర్‌హెక్సిడిన్ చిప్, డాక్సీసైక్లిన్ జెల్, మినోసైక్లిన్ గుళికలు, లేజరు, మింగే యాంటీబయాటిక్కులు. వీటన్నిటినీ అమెరికా దంతవైద్య సంఘం 2015లో ఒక త్రాసులో వేసింది. గీకి శుభ్రం చేయడం ఒక్కటే పట్టును సగటున అర మిల్లీమీటరు పెంచుతుందని, తోడు చికిత్సలు దానికి 0.2 నుంచి 0.6 దాకా కలుపుతాయని తేలింది. అర మిల్లీమీటరంటే ఒక మందపాటి శుభలేఖ అట్ట. దానికోసం ఎంత ఖర్చు పెట్టొచ్చు అన్నది శాస్త్రం చెప్పదు, జేబు చెబుతుంది.

వీటిలో ఒకటి మాత్రం ఆలోచన పరంగా ముచ్చటైనది. లోర్న్ గోలబ్ అనే శాస్త్రవేత్త 1980లలో, టెట్రాసైక్లిన్ జాతి మందులు క్రిములను చంపడంతో సంబంధం లేకుండానే నారపోగులను కొరికేసే ఎంజైములను అడ్డుకుంటాయని చూపాడు. దాన్నుంచి పుట్టిందే 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్, రోజుకు రెండుసార్లు. క్రిములకు తగలనంత చిన్న మోతాదు. అమెరికా 1998లో అనుమతించింది. క్రిమిని కొట్టడం మాని, ఒంటి రియాక్షన్‌ని సర్దడం. శ్రీలంక 11 శాతం చెప్పిన పాఠానికి ఇది మందు రూపం. ఫలితం? సగటున 0.35. మళ్లీ శుభలేఖే.

మింగే యాంటీబయాటిక్కుల సంగతి మాత్రం మందుల షాపులున్న ప్రతి ఊరికీ కావాలి. చిగురు వాచిందంటే షాపులో నాలుగు అమాక్సిసిలిన్, నాలుగు మెట్రోనిడజోల్ కట్టిచ్చే అలవాటు సరిహద్దుకు రెండు వైపులా ఉంది. ఈ జంట మందునే జర్మనీలో 506 మంది మీద పరీక్షించారు, ఫలితాలు 2015లో వచ్చాయి. అందరికీ ముందు గార తీశారు. చీటీ తీసినట్టు సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. మూడు నెలలకోసారి శుభ్రం చేస్తూ, రెండేళ్లు దాటాక చూస్తే, పట్టు కొత్తగా పోయిన చోట్లు ఉత్తుత్తి మాత్ర వాళ్లకు 7.8 శాతం, మందు వాళ్లకు 5.3 శాతం. మందు పనిచేసింది, నిజమే. కానీ ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకు కూడా నూటికి 92 చోట్ల జబ్బు ముందుకు జరగలేదు. ఎందుకని? వాళ్లు మూడు నెలలకోసారి తిరిగొచ్చారు కాబట్టి. గార తీయించకుండా మందు మాత్రం మింగే మన పద్ధతి ఆ ట్రయల్లో ఏ వరసలోనూ లేదు.

మన దేశంలోనూ ఈ పని బాగానే జరుగుతోంది. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్లను, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌ను జెల్‌గా చేసి పాకెట్లోకి ఎక్కించే ట్రయల్స్ బెంగళూరు నుంచి వరసగా వచ్చాయి, ఎముక నిండుతోందని చూపాయి. ఆశ పుట్టించే ఫలితాలే, అయితే ఇలాంటివి వేరే ఊళ్లలో, వేరే చేతుల్లో మళ్లీ రావాలి. ఇక పసుపు, త్రిఫల, కలబంద ట్రయల్స్‌కి లెక్కలేదు. వాటిలో చాలావాటికి వెనక ఉండేది ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) విద్యార్థి థీసిస్. మూడేళ్ల కోర్సు, అంశం దొరికి, అనుమతి వచ్చి, రోగులు కుదిరేసరికి సగం కాలం పోతుంది. అందుకే ముప్పై నలభై మంది, మూడు నెలలు. నలభై ఏళ్లు నడిచే జబ్బును మూడు నెలల కిటికీలోంచి చూడడం. పళ్లు తోముకునే పద్ధతి నేర్పి, "మళ్లీ కొలుస్తాం" అని చెబితే చాలు, ట్రయల్లో ఉన్నవాళ్లంతా బుద్ధిగా తోముకుంటారు. లోతైన పాకెట్లనే ఏరి తీసుకుంటే రెండోసారి కొలతలో అవి ఎలాగూ కొంచెం తగ్గి కనిపిస్తాయి, మొదటి కొలతలో ఎక్కువ చూపిన తప్పులు కూడా ఆ ఏరివేతలో చేరాయి కాబట్టి. మూడు నెలల్లో పసుపు గెలిచిందా, తోముడు గెలిచిందా చెప్పడం కష్టం. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2018 ఏప్రిల్ నుంచి, మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలన్న నియమం వచ్చింది. దానివల్ల ముందు ఏం కొలుస్తామన్నారో, తర్వాత ఏం కొలిచామన్నారో పోల్చి చూడొచ్చు. తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీల్లో ఆ పోలిక మాత్రం ఇంకా కనబడదు.

చిగుళ్లు బాగైతే షుగరు తగ్గుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికి కొంత తేలింది. 2013లో అమెరికాలో 514 మంది మీద చేసిన ట్రయల్ "తగ్గలేదు" అంది. అందులో చిగుళ్ల వైద్యమే అరకొరగా జరిగిందని, పాచి మిగిలే ఉందని విమర్శ వచ్చింది. 2018లో లండన్‌లో 264 మందికి ఏడాది పాటు పట్టుదలగా వైద్యం చేస్తే మూడు నెలల సగటు షుగరు, అంటే హెచ్‌బీఏ1సీ, 0.6 తగ్గింది. ఇలాంటి ట్రయల్స్‌ను కూర్చి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2022 సమీక్ష మూడు నాలుగు నెలలకు 0.43 అంది. షుగరుకు రెండో మాత్ర చేర్చినంత పని అనుకోవచ్చు. గర్భిణుల విషయంలో కథ అడ్డం తిరిగింది. చిగుళ్ల జబ్బున్న తల్లులకు నెలలు నిండకుండా కాన్పులు ఎక్కువని 1996లో ఒక పరిశీలన వచ్చింది. పదేళ్ల తర్వాత 823 మంది గర్భిణుల మీద ట్రయల్ చేస్తే, చిగుళ్లు బాగుపడ్డాయి గానీ ముందస్తు కాన్పులు తగ్గలేదు. వైద్యం వల్ల తల్లికీ బిడ్డకూ హాని లేదని కూడా అదే ట్రయల్ చెప్పింది. "కడుపుతో ఉన్నప్పుడు పళ్ల జోలికి పోకూడదు" అని కోడళ్లను ఆపే అత్తగార్లకు ఈ రెండో వాక్యం వినిపించాలి.

ఇప్పుడు గుడాకు దగ్గరికి.

పొద్దున్నే పెరటి గట్టు మీద కూర్చుని, చిన్న డబ్బా మూత తీసి, చూపుడు వేలితో జిగటగా ఉన్న నల్లటి ముద్దను కొంచెం తీసుకుని, పై చిగురు ఒక మూల నుంచి మొదలుపెట్టి పామడం. పొగాకు, బెల్లపు పాకం కలిసిన ముద్ద అది. నోట్లో నీళ్లూరుతుంటే ఉమ్మడం, మళ్లీ పామడం, పక్కింటావిడతో నాలుగు మాటలు. పావుగంట గడుస్తుంది. అది లేనిదే కడుపు కదలదంటారు. పంటి పోటుకని మొదలుపెట్టి ఉండిపోయినవాళ్లు చాలామంది. పిల్లలు చూస్తూ పెరుగుతారు, అది పొగాకు అని కాక పళ్లు తోముకోవడం అనే తెలుసు. 2016-17 నాటి జాతీయ పొగాకు సర్వేలో, పొగలేని పొగాకు వాడే పెద్దవాళ్లు ఒడిశాలో 42.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 7.1 శాతం. ఇచ్ఛాపురం దాటితే బరంపురం ఎంతసేపు? రైలు కిటికీలోంచి చూస్తే పొలాల్లో గీతేదీ కనబడదు. సర్వే కాగితం మీద మాత్రం ఆ గీతకు అటూ ఇటూ ఆరు రెట్ల తేడా. సరిహద్దు తెలుగు ఇళ్లు ఒడిశా అంకెలో ఉన్నాయి, ఆంధ్రా అంకెలో లేవు. చుట్టను వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు మాత్రం శ్రీకాకుళం, గంజాం తీరాలది రెంటిదీ. అంగిలి క్యాన్సరుకు అది దారి తీస్తుందని అరవై, డెబ్బైలలోనే పరిశోధనలు చెప్పాయి.

పొగాకు చేసే మోసం ఒకటుంది. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. పొగతాగేవాళ్ల చిగుళ్లలో జబ్బు ముదిరినా నెత్తురు తక్కువ కనబడుతుందన్నది బాగా స్థిరపడిన సంగతి. చికిత్సకు వాళ్ల పాకెట్లు తక్కువగా లొంగుతాయన్నదీ అంతే. ముద్ద పెట్టి పామే చోట చిగురు కిందికి జారి వేరు బయటపడుతుంది. పామితే పోటు తగ్గినట్టు, చిగురు గట్టిపడినట్టు అనిపిస్తుంది. నెత్తురు రాకపోవడమే ఆరోగ్యమని నమ్మేవాళ్లకు ఇంతకన్నా తియ్యని అబద్ధం ఉండదు.

ట్రయల్స్ ఈ నోళ్లను ఏం చేశాయి? చాలా ట్రయల్స్‌లో చేర్చుకోనివాళ్ల జాబితా ఒకేలా ఉంటుంది: పొగాకు వాడేవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు, గత కొన్ని నెలల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లు. మందు ప్రభావం స్పష్టంగా కనబడాలంటే ఈ జల్లెడ పట్టాల్సిందే, పరిశోధకుల తప్పేం లేదు. కానీ బరంపురం ఆస్పత్రి వరండాలో కూర్చున్న మధ్యవయసు ఆవిడ సంగతి చూడండి. గుడాకు, కొంచెం షుగరు, పోయిన నెలలో షాపువాడిచ్చిన మాత్రలు. జల్లెడలో మూడు చోట్ల జారిపోతుంది. ఆమె లేకుండా తేలిన అర మిల్లీమీటరును తెచ్చి ఆమె నోట్లో పెడుతున్నాం. 2017 గ్రేడుల్లోనూ అంతే. జబ్బు వేగాన్ని అంచనా వేయడానికి రోజుకు పది సిగరెట్లకు లోపలా, పైనా అని అడుగుతారు. డబ్బాలో వేలు ఎన్నిసార్లు ముంచారో అడిగే గడి లేదు. మొదట్లో చెప్పిన ఖాళీ గడి ఇదే.

పొగాకు మాన్పిస్తే చిగుళ్ల చికిత్స బాగా పనిచేస్తుందా అని ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో 2005లో చూశారు. 49 మంది పొగతాగేవాళ్లతో మొదలైంది. ఏడాది చివరికి కొలతకు వచ్చినవాళ్లు 26 మంది. ఏడాదంతా పూర్తిగా మానగలిగినవాళ్లు పదిమంది. ఆ పదిమందికి పాకెట్లు ఎక్కువ తగ్గాయి. ఫలితం సంతోషకరమే గానీ, 49లో 23 మంది మధ్యలోనే జారిపోయారు. అదీ రోడ్లు, బస్సులు, ఫోన్లు సక్రమంగా ఉన్న ఊళ్లో.

గంజాంలో అయితే జారిపోవడానికి ఒక ఊరి పేరే ఉంది: సూరత్. ఈ జిల్లా నుంచి మరమగ్గాల పనికి అక్కడికి వెళ్లడం తరాల మాట. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో షిఫ్టుల వారీగా పడుకునే మనుషులు, నిద్ర రాకుండా నోట్లో గుట్కా. ఆరు నెలల తర్వాత రమ్మని చీటీ రాసిస్తే ఆ తేదీకి మనిషి మగ్గం దగ్గర ఉంటాడు. ట్రయల్ పట్టికలో అతని ఎదురుగా 'ఫాలో అప్‌కు రాలేదు' అని పడుతుంది. రాయగడ, కొరాపుట్ వైపు కొండ ఊళ్లవాళ్లకు సూరత్ దాకా పోనక్కర్లేదు, వరి కోతలే చాలు. ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలంటే కటక్. బరంపురం నుంచే దాదాపు రెండొందల కిలోమీటర్లు, పర్లాకిమిడి నుంచి ఇంకా ఎక్కువ.

ఇది వట్టి రవాణా సమస్యగా చూస్తే పొరపాటే. యాభై ఏళ్ల చిగుళ్ల పరిశోధనలో అన్నిటికన్నా గట్టిగా నిలిచిన ఫలితం ఏ జెల్‌దీ కాదు, ఏ లేజరుదీ కాదు, తిరిగి రావడానిది. స్వీడన్‌లో 1970లలో చిగుళ్ల శస్త్రచికిత్స చేయించుకుని, ఆ తర్వాత పద్ధతిగా శుభ్రం చేయించుకోనివాళ్లకు, రెండేళ్లలోనే పాకెట్లు మళ్లీ లోతయ్యాయి, పట్టు ఇంకా పోయింది. 1981లో వచ్చిన మరో ఆరేళ్ల అధ్యయనంలో, రెండు మూడు నెలలకోసారి పిలిపించినవాళ్లకు పట్టు నిలబడింది, వదిలేసినవాళ్లకు జారింది. చికిత్స ఒకటే, డాక్టర్లు ఒకటే; తేడా అంతా ఆ తర్వాతి రాకపోకల్లోనే. అప్పుడు సూరత్ కుర్రాడి గురించి పరిశోధన చెప్పేదేమిటి? అతనికి ఏ మందు మంచిదో చెప్పదు, ఎందుకంటే అతను ఎప్పుడూ ఆ పట్టికలో చివరి గడి దాకా రాలేదు.

సమ్మతి పత్రం సంగతి కూడా ఇక్కడ వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కొరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ తర్వాత మూడు తరాలు గడిచాయి. ఇవాళ తెలుగు ఇంట్లో పుట్టిన అమ్మాయి ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, ఒడియా చదువుతుంది, తెలుగు అక్షరం రాదు. ఆమె నాయనమ్మకు ఏ అక్షరమూ రాదు, ఒడియా సంత వరకే. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలని, చదువు రానివాళ్లయితే సంబంధం లేని సాక్షి ఉండాలని 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడ తెలుగులో అచ్చువేసిన పత్రం వల్ల అమ్మాయికీ ఉపయోగం లేదు, నాయనమ్మకూ లేదు. తెలుగులో చదివి వినిపించాలి, ఒడియాలో రాసివ్వాలి. 'చీటీ తీసినట్టు ఏదో ఒక గుంపులో పడతారు' అన్న మాటను నోటితో చెబితే ఇద్దరికీ అర్థమవుతుంది.

కొలతల్లోనూ భాష దూరుతుంది. నొప్పి ఎంత, సున్నా నుంచి పది దాకా చెప్పండి అంటారు. చిగుళ్ల జబ్బు నొప్పి పెట్టదు, చివరిదాకా. సలుపు ఉంటుంది, తీపు ఉంటుంది, చిగుళ్లలో దురద, కొరికితే పన్ను దిగబడినట్టు. ఇవన్నీ 'నొప్పి: 0' అన్న గడిలో మాయమవుతాయి. మొదటి రోజు సున్నా చెప్పిన రోగికి చికిత్స తర్వాత చన్నీళ్లు జివ్వుమంటే 'నొప్పి: 3' పడుతుంది. పట్టిక ప్రకారం వైద్యం వల్ల ఆమెకు నష్టం జరిగింది! గార గీకిస్తే పళ్లు చెడతాయన్న ఊరి మాటకు శాస్త్రం ముద్ర వేసినట్టే.

ఇక్కడికి పనికొచ్చే ట్రయల్ ఎలా ఉండాలో ఊహించడం కష్టమేం కాదు. గుడాకు వాడేవాళ్లను బయటికి పంపకుండా వాళ్లనే చేర్చుకోవాలి. అందరికీ గార తీసి, ఒక గుంపుకు గుడాకు మాన్పించే సాయం గట్టిగా, రెండో గుంపుకు మామూలు సలహా. తిరిగి రమ్మనే తేదీలను మూడు నెలల గడియారం మీద కాక మనుషుల రాకపోకల మీద పెట్టాలి. ఎండాకాలం సెలవులకు, పండక్కి, బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతరకు సూరత్ బండ్లు కిక్కిరిసి వస్తాయి కదా. ఆ రోజుల్లో ప్రోబ్ పట్టుకుని కూర్చునే డాక్టరుకు సెలవుండకూడదు, అంతే. మధ్యలో అరమిల్లీమీటరు కొలవడం కుదరదు. కుదరకపోతే పోనీ. రోగికి అసలు కావాల్సింది పాకెట్ లోతు కాదు, పళ్లు మిగలడం. చాలా ట్రయల్స్ దాన్ని కొలవనే లేదు, పన్ను రాలేదాకా ఆగే ఓపిక, డబ్బు లేక. రెండు మూడేళ్లు ఆగగలిగితే ఆ కొలతకు ప్రోబ్ అక్కర్లేదు. నోట్లో నాలుక తిప్పి, ఎన్ని పళ్లున్నాయో మగ్గాల చప్పుడులోంచి ఫోన్లో అయినా చెప్పొచ్చు.